మంగళవారం గీసిన గడ్డం

కత్తి పట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. చేయి వణుకుతోందని మానేశాను. నోరు వణకదు కాబట్టి అది మాత్రం నడుస్తూనే ఉంది. పొద్దున్నే టీ తాగి, గోదావరిఖని చౌరస్తా దగ్గర కొత్తగా వెలిసిన సెలూన్లలో ఏదో ఒకదాంట్లో బెంచీ మీద కూర్చుంటాను. ఇప్పటి పిల్లలు పని బాగానే చేస్తారు. మిషన్ పెట్టి చెంప మీద గీత తీస్తే దారం పట్టి లాగినట్టు వస్తుంది. మొన్న ఒక కుర్రవాడు, ఎవరిదో గడ్డం దిద్దుతూ, నన్ను అడిగాడు: "తాతా, మీ కాలంల గడ్డాలకు ఇంత డిమాండ్ ఉండెనా? అప్పట్ల అందరు నున్నగ గీకిచ్చుకునేటోళ్ళట గద."

నాకు కోపం వచ్చింది. "మేం గడ్డానికిచ్చిన మర్యాద మీరు మనిషికి గూడ ఇయ్యరు పోరా" అన్నాను. వాడు నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం నాలుగు మాటలు రాసిపెట్టాలని అప్పుడే అనిపించింది. షాపు ఎక్కడ పెట్టాలి, కుర్చీలు ఎక్కడ కొనాలి అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి నాకంటే మీకే బాగా తెలుసు.

ఎవరి కోసం పెంచింది?

అరవైల్లో నేను వచ్చేనాటికి ఇది ఇంకా ఊరుగా కుదురుకోలేదు. అడవి నరికిన చోటల్లా బాయిలు తవ్వుతున్నారు. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు. చుట్టుపక్కల పల్లెల్లో నాగలి వదిలేసి వచ్చినవాళ్ళు తట్ట, పార పట్టుకుని భూమిలోకి దిగుతున్నారు. ఆ బాయి గేటుకు ఎదురుగా రేకుల షెడ్డులో మా ఉస్తాద్ రాజలింగం షాపు. రెండే కుర్చీలు. మొదటిది ఆయనది, రెండోది నాది. అప్పటికి నాకు పెళ్ళయింది, చేతిలో పని ఉంది, తలలో పొగరు కూడా ఉంది. మా ఊళ్ళో నాకంటే వేగంగా గీసేవాడు లేడు మరి.

ఉస్తాద్ ఆ పొగరు మొదటి వారంలోనే దించాడు. షిఫ్టు దిగి వచ్చిన ఒకాయన కుర్చీలో కూర్చోగానే నేను బ్రష్షు తడిపి ముఖానికి పెట్టబోయాను. ఆయన గడ్డం నిండా బొగ్గుపొడి. ఉస్తాద్ నా మణికట్టు మీద ఫట్టున కొట్టాడు.

"ఓదెలూ, బొగ్గుకు నీళ్ళు తాకిస్తే ఏమైతది? బురద అయితది. బురదల కత్తి నడుస్తదా? ముందుగాల పొడిగ దువ్వు. పొడి రాలినంక కుంకుడు పెట్టు. అటెన్క సబ్బు ముచ్చట."

నిజమే. బాయి మనిషి గడ్డం ఊరి మనిషి గడ్డం కాదు. పైనుంచి నల్లగా నిగనిగలాడుతుంది గానీ వేళ్ళు పెడితే ఇసుకలాగా గరగరమంటుంది. దాన్ని కొసల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వుకుంటూ పోవాలి. మొదలు నుంచి కిందికి లాగితే వెంట్రుక తెగి మనిషికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. లైటు పెట్టుకునే టోపీకి గదుమ కింద పట్టీ ఉంటుంది. అది ఒరుసుకునే చోట గడ్డం పలచబడుతుంది. ఆ పలచన కనపడకుండా పక్క వెంట్రుకలను ఎటు వాల్చాలో ఉస్తాద్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. గుండ్రటి ముఖం వాడికి కొసను కొంచెం సన్నగా, బక్క ముఖం వాడికి చెంపల మీద కొంచెం దట్టంగా వదిలేవాడు. పని అయ్యాక అద్దం ఇచ్చి తను వెనక్కి జరిగి నిలబడేవాడు. ఆ మనిషి అద్దంలో తనను తాను చూసుకుని గదుమ పైకెత్తే క్షణం కోసం. నేను అది చూసి చూసి ఈ పనిని ప్రేమించాను.

ఉస్తాద్ ఎవరి ముఖం మీదైనా కత్తి పెట్టేముందు ఒక మాట అడిగేవాడు: "ఇది ఎవరి కోసం పెంచింది?" మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత అర్థమైంది. ఒకరిది రాజన్న మొక్కు గడ్డం, వేములవాడలోనే తీయాలి. ఒకరిది నమాజు చదివే పెద్దమనిషి గడ్డం, పిడికెడు కంటే తగ్గించకూడదు. ఒకరిది తండ్రి పోయిన గడ్డం, దినాలు కాకుండా ముట్టకూడదు. ఇంకొకటి ఉంది, దాన్ని మేం కడుపు గడ్డం అనేవాళ్ళం. పెళ్ళాం నీళ్ళు పోసుకుందంటే మగవాడు గడ్డం పెంచుతాడు. బిడ్డ పుట్టి పురుడు తీరేదాకా కత్తి పడకూడదు. పడితే కడుపులో బిడ్డకు మంచిది కాదని నమ్మకం.

మీరు నమ్మారా అని అడుగుతారు. నేను నమ్మలేదు, నమ్మకుండానూ లేను. భూమి కింద పనిచేసే మనుషులు వాళ్ళు. పొద్దున దిగినవాడు సాయంత్రం పైకి వస్తాడని రాసిచ్చిన వాడెవడూ లేడు. అటువంటి చోట పుట్టబోయే బిడ్డ కోసం ఏదో ఒకటి చేస్తున్నానని ఒక మగవాడు తన ముఖం మీద పెట్టుకుని తిరుగుతుంటే నాకు ముచ్చటేసేది. ఇప్పటికీ వేస్తుంది.

ఉస్తాద్‌లో అన్నీ మంచి గుణాలే అని చెప్పను. మొండి మనిషి. మంగళవారం కత్తి ముట్టేవాడు కాదు. మా వాళ్ళెవరూ ముట్టరు గానీ ఈయనది మరీ ఎక్కువ. ఒకసారి పెద్ద ఆఫీసరు బంగళా నుంచి మంగళవారం నాడు జీపు పంపిస్తే, దాన్ని ఖాళీగా తిప్పి పంపాడు. మంగళవారం కత్తులన్నీ కడిగి, కుంకుమ బొట్టు పెట్టి, ఇంట్లో దేవుడి ముందు పెట్టేవాడు. ఇక ఆ రోజు వాటి పేరు కూడా ఎత్తకూడదు.

మొండయ్య గడ్డం

నా చేతుల మీదుగా వెళ్ళిన గడ్డాల్లో గొప్పది ఏదంటే మొండయ్యదే. బాయిలో బొగ్గు నింపే మనిషి. నల్లటి గడ్డం, గొంతు దాటి ఛాతీ తాకేదాకా, రెండు వైపులా సమానంగా, ఒక్క వెంట్రుక ఎర్రబారలేదు. ఆ ఏడు దసరాకు, మేం బంగారం అని పిలుచుకునే జమ్మి పంచుకునేటప్పుడు కాలనీ వాళ్ళంతా అతని చేతిలో పెట్టాల్సిన ఆకును గడ్డంలో గుచ్చి, "బంగారం బంగారంలనే ఉండాలె అన్నా" అని కౌగిలించి అలయ్ బలయ్ తీసుకున్నారు. అతను సాయంత్రం దాకా ఆ ఆకులు తీయకుండా తిరిగాడు.

అది కడుపు గడ్డం. దాని వెనక ఒక బాధ ఉంది. అతని భార్య లచ్చవ్వకు మొదటి కడుపు నిలిచినప్పుడు మొండయ్య తమ్ముడి పెళ్ళికని నున్నగా గీయించుకున్నాడు. మా షాపులో కాదు, ఊళ్ళో. ఆ నెల తిరగకుండానే కడుపు పోయింది. గడ్డం గీసినందుకే పోయిందని అత్త అంది, అమ్మలక్కలు అన్నారు. లచ్చవ్వ ఒక్క మాట కూడా అనలేదట. అనకపోవడమే మొండయ్యను తినేసింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు మళ్ళీ కడుపు నిలిచింది. ఆ రోజు షాపుకు వచ్చి, కుర్చీలో కూర్చోకుండా, నిలబడే ఉస్తాద్‌తో చెప్పాడు.

"కాకా, ఈసారి బిడ్డను ఎత్తుకున్నంకనే నీ కుర్చీల కూసుంట. అప్పటిదాక దువ్వుడు వరకే."

ఈ మొండయ్యకే ఇంకో పని కూడా ఉంది. బాయిలో నిప్పు అంటుకుని పొగ కమ్మితే, గాలి సిలిండరు వీపున కట్టుకుని లోపలికి పోయి మనుషులను తెచ్చే రెస్క్యూ టీంలో అతనొకడు. ధైర్యం, ఊపిరి రెండూ ఉన్నవాళ్ళనే తీసుకుంటారు. పాత రోజుల్లో నోట్లో గొట్టం కరుచుకుని ముక్కుకు క్లిప్పు పెట్టుకునేవాళ్ళు. గడ్డానికీ దానికీ గొడవ లేదు. డెబ్బైల్లో ముఖమంతా కప్పే రబ్బరు మాస్కు వచ్చింది. దాని అంచు చెంపలకూ గదుమ కిందా అతుక్కుని ఉండాలి. మధ్యలో వెంట్రుక ఉంటే పొగ దారి చేసుకుని లోపలికి వస్తుంది.

టీంకు నేర్పే ఇన్‌స్పెక్టరు నిదానస్తుడు. మొండయ్యను మాస్కుతో పొగ గదిలోకి పంపి చూశాడు. అతను దగ్గుతూ, కళ్ళు ఎర్రగా చేసుకుని బయటికి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. "గడ్డమన్నా తియ్యి, టీమన్నా విడువు. గడ్డంతోని నిన్ను లోపలికి పంపి సంపుకోలేను" అన్నాడు.

మొండయ్య టీం విడవలేడు. అతని సొంత అన్నను ఒకప్పుడు పొగలోంచి ఎత్తుకొచ్చింది ఆ టీమే. గడ్డం తీయలేడు. మా షాపు బెంచీ మీద కూర్చుని నేల చూపులు చూశాడు. ఉస్తాద్ సాన మీద కత్తి నూరుతూనే ఉన్నాడు. చివరికి, "ఆ మాస్కు ఒకసారి తేగలుగుతవా?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరే మాస్కు తీసుకుని స్వయంగా వచ్చాడు. అదే నాకు ఆయనలో నచ్చిన గుణం. ఉస్తాద్ రబ్బరు అంచు చుట్టూ నూనెలో కలిపిన బొగ్గుపొడి రాసి, మొండయ్య ముఖానికి నొక్కి తీయమన్నాడు. గడ్డం దట్టంగా ఉండి మొదటిసారి గుర్తు సరిగా పడలేదు. వెంట్రుకలను తడిపి అణచి మళ్ళీ పెట్టారు. ఈసారి చెంపల మీదుగా గదుమ కిందికి గుర్తు పడింది. ఇన్‌స్పెక్టరు వంగి చూసి, ఆ గుర్తు వెంట రెండు వేళ్ళ వెడల్పు చర్మం నున్నగా ఉంటే చాలన్నాడు. గుర్తుకు లోపల మీసం, గదుమ మీద గడ్డం కురచగా ఉండొచ్చు. బయట చెవుల పక్కన ఎంతైనా ఉండొచ్చు.

"నీకు సరే, నాకు సరే. ఇంట్ల ఆమెకు సరేనా?" అన్నాడు ఉస్తాద్.

ఆ సాయంత్రం ఉస్తాద్, నేను కాలనీలో మొండయ్య క్వార్టరుకు పోయాం. లచ్చవ్వ పక్కింటి కనకవ్వతో కలిసి గడప మీద బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కనకవ్వకు కూడా నెలలు నిండుతున్నాయి. ఆమె భర్త సమ్మయ్య కూడా బాయి మనిషే, అతనిదీ కడుపు గడ్డమే. ఉస్తాద్ తన ముఖం మీదే వేలుతో గీసి చూపిస్తూ సంగతంతా చెప్పాడు. లచ్చవ్వ చేట పక్కన పెట్టి చాలాసేపు వింది.

"గదుమ మీద ముట్టవు గద, కాకా?"

"కత్తెర పెడుత. కత్తి పెట్ట."

"గదుమ మీద ఉన్నదంటే గడ్డం ఉన్నట్టే. చెయ్యి" అంది. అని, లోపలికి వెళ్ళి ఏడ్చిందని కనకవ్వ తర్వాత చెప్పింది.

ఉస్తాద్ జీవితంలో చేసిన గొప్ప పని అదే అంటాను. చెవుల కింద రెండు గుబుర్లు, గదుమ మీద కురచ గడ్డం, మధ్యలో రెండు వేళ్ళ దారి. బాయి గేటు దగ్గర జనం ఆగి చూసేవాళ్ళు. ఎగతాళి చేద్దామని వచ్చినవాడు కూడా చూసి ఊరుకునేవాడు. పొగ గదిలో మొండయ్య హాయిగా కూర్చుని బయటికి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు ఒక్క షరతు పెట్టాడు. దారిలో నిన్నటి మొలక కూడా ఉండకూడదు, రోజూ గీయాలి. రోజూ డ్యూటీకి ముందు మొండయ్య వచ్చేవాడు, ఉస్తాద్ గీసేవాడు.

ఇక్కడ మేమంతా కలిసి ఒక పొరపాటు చేశాం. మంగళవారం సంగతి ఎవరమూ ఎత్తలేదు. ఇన్‌స్పెక్టరుకు మా ఆచారం తెలియదు. మాకేమో మంగళవారం కత్తి ముట్టకపోవడం ఊపిరి పీల్చుకోవడం లాంటిది. అదొక సంగతి అని కూడా తోచలేదు, మంగళవారం నాడు ఆ దారి గీయకుండానే గడిచిపోయేది.

దేవుడి ముందున్న కత్తి

ఆ రోజు మంగళవారం. అన్నం వేళకు ముందు బాయి సైరను మోగింది. షిఫ్టు సైరను ఆగుతుంది, ఇది ఆగలేదు. లోపల పాత పని చేసిన వైపు బొగ్గు రాజుకుని పొగ కమ్మిందనీ, కొందరు అవతలి పక్క చిక్కుకున్నారనీ క్షణంలో కాలనీ అంతా తెలిసిపోయింది. చిక్కినవాళ్ళలో సమ్మయ్య ఉన్నాడు.

నేను ఉస్తాద్ ఇంటి ముందు ఉన్నాను. మొండయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముఖం మీద ఆ దారిలో నిన్నటి మొలక గరుకుగా కనిపిస్తోంది.

"కాకా, జల్ది. జీపు వస్తున్నది."

ఉస్తాద్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు. మొండితనం అనుకున్నాను, కానీ ఆయన ముఖం చూస్తే అది కాదు. భయం.

"నా ఆచారం గంగల కలువనియ్యి, మొండీ. ఇంట్ల కడుపుతోని మనిషి ఉన్నది. మంగళారం నీ ముఖం మీద కత్తి పెట్టినంక రేపేదన్న అయితే నేనెట్ల బతకాలె?"

బాయిలో సమ్మయ్య, ఇంట్లో లచ్చవ్వ. మొండయ్య మా ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూశాడు. అంతలో లచ్చవ్వే వచ్చింది. బరువుగా, కడుపు మీద చేయి పెట్టుకుని, ఆయాసపడుతూ నడిచి వచ్చింది.

"గియ్యి కాకా."

"మంగళారం, బిడ్డా."

"నాకెరికే. కనకవ్వ గోడకు ఒరిగి కూసున్నది, ఏడుస్తలేదు, మాట్లాడుతలేదు. నా కడుపుల ఉన్నది నాకెంతనో ఆమె కడుపుల ఉన్నది ఆమెకంతే. గీసి తోలు. అయ్యేది నాకు అయితది, నిన్ను ఒక్కమాటనంటె అడుగు."

ఉస్తాద్ లోపలికి వెళ్ళి దేవుడి ముందున్న కత్తి తెచ్చాడు. దాని మీది కుంకుమ ధోవతి కొంగుకు తుడిచాడు. కుర్చీ లేదు, సబ్బు లేదు. మొండయ్య కింద కూర్చుంటే లచ్చవ్వ వెనక నిలబడి అతని తల రెండు చేతులతో పట్టుకుని తన కడుపుకు ఆనించుకుంది. నేను చెంబుతో నీళ్ళు పట్టుకున్నాను. ఉస్తాద్ రెండు వేళ్ళతో చర్మం బిగబట్టి కత్తి పెట్టాడు. చెంప మీది నుంచి గదుమ కింది దాకా ఒక వైపు, మళ్ళీ రెండో వైపు. గదుమ మీద మాత్రం కత్తి పడలేదు, ఆ తొందరలో కూడా. లచ్చవ్వ కళ్ళు మూసుకోలేదు, కత్తినే చూస్తూ నిలబడింది. బయట జీపు హారను కొడుతూనే ఉంది. మొండయ్య తడి ముఖంతోనే ఎక్కి వెళ్ళాడు.

పొద్దు వాలకముందే అందరినీ పైకి తెచ్చారు. సమ్మయ్యను మొండయ్యే భుజాన వేసుకుని వచ్చాడు. సమ్మయ్య దవాఖానలో కొన్నాళ్ళుండి కోలుకున్నాడు. మర్నాడు ఇన్‌స్పెక్టరు షాపుకు వచ్చి, "మాస్కుల జెరంత పొగ గూడ రాలేదు" అన్నాడు. తర్వాత మంగళవారం సంగతి, కడుపు సంగతి విన్నాడు. "కాన్పు అయ్యేదాక మొండయ్యను టీంలకు పిలువ. ఆయన జాగల ఇంకొకన్ని పెట్టుకుంట" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మొండయ్య ముఖం మీది దారి మళ్ళీ పూడుకుంటూ వచ్చింది.

ఎదురుచూపు

ఊరంతా మొండయ్యను మెచ్చుకుంటోంది. ఉస్తాద్‌కు మాత్రం అన్నం సయించలేదు. షాపులో ఎవరి గడ్డం చేస్తున్నా చూపు వీధి మీదే. రోజూ మొండయ్య కనపడగానే "ఇంట్ల ఎట్లున్నది?" అని అడిగేవాడు. "మంచిగనే ఉన్నది" అనేవాడతను. ఇద్దరికీ ఆ జవాబు చాలేది కాదు. కనకవ్వకు ముందు కాన్పు అయింది, మగపిల్లవాడు. ఆ సంతోషం చూసి మాకు భయం ఇంకా పెరిగింది. లచ్చవ్వకు నొప్పులు మొదలైనప్పుడు ఒక రాత్రీ పగలూ గడిచినా బిడ్డ రాలేదు. ఉస్తాద్ షాపు నాకు వదిలేసి దవాఖాన వరండాలో పోయి కూర్చున్నాడు. నేనొక్కణ్ణే రెండు కుర్చీలూ చూసుకున్నాను. కత్తి ఎవరి ముఖం మీద ఉందో నాకు తెలియలేదు, చెవులు మాత్రం వీధిలోనే.

సాయంత్రం ఉస్తాద్ వచ్చాడు. గడప దగ్గర నిలబడి, "ఆడపిల్ల. గొంతు బాయి సైరను లెక్క ఉన్నది" అన్నాడు. అని, కుర్చీలో కస్టమరు ఉన్నాడని కూడా చూడకుండా బెంచీ మీద కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

పురుడు తీరాక మొండయ్య గడ్డం తీయించుకోవడానికి వచ్చాడు. కాలనీలో సగం మంది వెంట వచ్చారు. సమ్మయ్య కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. అందరి వెనక, బిడ్డను ఎత్తుకుని లచ్చవ్వ వచ్చింది. అప్పటిదాకా మా షాపులో ఆడమనిషి అడుగుపెట్టలేదు. మగవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆమె బెంచీ మీద కూర్చోలేదు, నేరుగా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"కాకా, కత్తి పెట్టకముందుగాల దీన్ని ఒకసారి సూడనియ్యి. దీనికోసమే గద పెంచింది."

బిడ్డను తండ్రి ఒళ్ళో పెట్టింది. ఆ పసిది చేతులాడించింది. చిన్న పిడికిలి మొండయ్య గడ్డంలోకి పోయి, దొరికినంత పట్టుకుని బిగించింది. మొండయ్యకు నొప్పి పుట్టి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, అయినా కదల్లేదు. లచ్చవ్వ విడిపించబోతే ఉస్తాద్ చేయి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్యి బిడ్డా. సొంతదారు ఇప్పుడే వచ్చింది. ఆమె ఇడిసినంకనే."

బయట షిఫ్టు సైరను మోగింది. డ్యూటీకి పోవాల్సినవాళ్ళు కూడా కదల్లేదు. ఉస్తాద్ కత్తి మడిచి పక్కన పెట్టి, బిడ్డ పిడికిలి ఎప్పుడు వదులుతుందా అని చూస్తూ నిలబడ్డాడు. మేమంతా నిలబడ్డాం.